కొనిపించే పత్రిక, చూపించే పత్రిక

“ఫోటోగ్రఫీ మీద మంచి పత్రిక ఏదైనా ఉంటే చెప్పండి, చందా కట్టేస్తాను” అని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. రోజుకు వందల ఫోటోలు బొటనవేలి కింద జారిపోతున్న ఈ రోజుల్లో అచ్చు పత్రిక కావాలంటున్నారంటే, చూస్తున్నవేవీ కంటికి ఆనడం లేదన్నమాట. కోరిక మంచిదే. కానీ అడగ్గానే ఒక పేరు చెప్పేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం ఉండదు. తెనాలిలో స్టూడియో నడిపే కుర్రాడికీ, బ్యాంకు ఉద్యోగంలో రిటైరై పక్షుల వెంట పడ్డ పెద్దాయనకీ, ఫైనార్ట్స్ కాలేజీలో చేరిన అమ్మాయికీ ఒకే పత్రిక సరిపోదు. అందుకని ముందు పత్రికను చేతిలోకి తీసుకుని దాని గుట్టు కనిపెట్టే పద్ధతి చెబుతాను. పేర్లు దారిలో వాటంతటవే వస్తాయి.

మొదట ఒక సంగతి గమనించండి. పత్రిక మూసి పక్కన పెట్టాక మీ చెయ్యి ఎటు పోతోంది? కొత్త లెన్స్ ధర ఎంతుందో చూడ్డానికి ఫోన్ మీదికా? నిన్న మీరు తీసిన ఫోటోలు మళ్లీ ఒకసారి తిరగేసుకోవడానికి కంప్యూటర్ దగ్గరికా? మొదటిది కొనిపించే పత్రిక, రెండోది చూపించే పత్రిక. చాలావాటిలో ఈ రెండూ ఒకే అట్టల మధ్య కాపురం చేస్తుంటాయి. ఏది ఎన్ని పాళ్లు ఉందన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ఆ పాళ్లను నిర్ణయించేది పత్రిక ఎవరి డబ్బుతో నడుస్తోందన్న సంగతి. అమెరికాలో పాపులర్ ఫోటోగ్రఫీ 1937లో మొదలై 2017 దాకా అచ్చయింది. జపాన్ వాళ్ల అసాహి కెమెరా 1926లో పుట్టి 2020లో ఆగింది. అంత చరిత్ర ఉన్న పత్రికలు మూతపడటానికి పెద్ద కారణం ప్రకటనల రాబడి పడిపోవడం. ఫోన్లొచ్చి కెమెరాల అమ్మకాలు తగ్గాయి, వాటితోపాటే ప్రకటనలూ పోయాయి. ప్రకటనల మీద బతికే చోట సంపాదకుడు ఎంత నిక్కచ్చి మనిషైనా కొత్త కెమెరా సమీక్షకు పెద్ద పీట వేయక తప్పదు. అందులో దగా ఏమీ లేదు, అది బతుకుతెరువు. కాకపోతే చదివే మనకు ఆ సంగతి తెలిసుండాలి.

మన దేశంలో ముంబయి నుంచి వచ్చిన ఏషియన్ ఫోటోగ్రఫీ, 1997లో మొదలైన బెటర్ ఫోటోగ్రఫీ, ఆ తర్వాత వచ్చిన స్మార్ట్ ఫోటోగ్రఫీ ఎక్కువగా ఈ కోవలోవే. తీసిపారేయడానికి చెప్పడం లేదు. రీలు నుంచి డిజిటల్‌కు మారే రోజుల్లో, ఏ కెమెరా కొనాలో, ఫ్లాష్ ఎటు తిప్పితే మొహం మీద నీడ పడదో చెప్పే మనిషి ఊళ్లో లేనప్పుడు, ఎందరికో ఆ పేజీలే గురువులు. వాటిలో ఫోటోగ్రాఫర్ల ఇంటర్వ్యూలు కూడా బాగానే ఉండేవి. అయితే ఆ సమీక్షల పని ఇప్పుడు యూట్యూబ్ ఉచితంగా, ఇంకా వివరంగా చేస్తోంది. దానికోసం ఇవాళ కాగితం కొనక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. కొత్త సంచిక చూసి చందా కట్టకండి. కొత్త సంచిక తళతళలాడుతుంది, దాని మీద తీర్పు చెప్పడం కష్టం. ఐదారేళ్ల నాటిదో పదేళ్ల నాటిదో పాత సంచిక సంపాదించండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద, విజయవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకండి. ఫోటోగ్రఫీ పత్రికలకని ప్రత్యేకంగా ఒక గుట్ట ఉండదు. ఆబిడ్స్‌లో అడిగితే, “ఫోటోల బుక్కులా సార్? అగో, ఆ ఇండ్ల డిజైన్ల కింద ఉంటయ్, సూడుండ్రి” అంటారు. ఇంటీరియర్ డిజైన్ పత్రికలు, ఆటోమొబైల్ పత్రికలు, పాత నేషనల్ జియోగ్రాఫిక్‌ల కింద నలిగి ఉంటాయి. బేరమాడితే కొత్త సంచిక ధరలో నాలుగో వంతుకే వస్తాయి.

ఇంటికి తెచ్చి ఒక పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. కాలం చెల్లిన ప్రతి పేజీ మూలనా ఒక గీత పెట్టుకుంటూ పొండి. అట్ట మీద “ఇక దీన్ని మించింది రాదు” అన్నంత ఊపుతో వేసిన కెమెరా ఇప్పుడు ఓఎల్ఎక్స్‌లో కూడా ఎవరికీ అక్కర్లేదు. దాని సమీక్ష నాలుగు పేజీలకూ గీత పడింది. ధరల పట్టికకు గీత. ఫోటోషాప్‌లో ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పే వ్యాసానికి గీత, ఆ మీట ఇప్పుడు అక్కడ లేదు. ప్రకటనలన్నిటికీ గీత. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి ఒక తెల్ల థర్మాకోల్ అట్టతో రెండో చెంప మీదికి వెలుతురు తిప్పడం ఎలాగో రాసిన వ్యాసం దగ్గర పెన్సిల్ ఆగుతుంది. ఒక ఫోటోగ్రాఫర్ ఏళ్ల తరబడి ఒకే ఊరిని తీసిన పన్నెండు ఫోటోల దగ్గర ఆగుతుంది. చివర్లో గీత పడని పేజీలు ఎన్నో లెక్క చూసుకోండి. మూడో వంతు మిగిలితే ఆ పత్రికకు ఒక ఏడాది చందా కట్టవచ్చన్నది నా లెక్క. సగం మిగిలితే పాత సంచికలు కూడా వెతికి కొనుక్కోండి. ఐదారు పేజీలే మిగిలితే, వాటిని కత్తిరించి దాచుకుని మిగతాది చిత్తుకాగితాల వాడికి ఇచ్చేయడమే.

రెండో పరీక్ష అచ్చుకు. కాగితం మీద చూడ్డానికే కదా డబ్బు పోస్తున్నాం, మరి అచ్చు బాగోలేని పత్రిక ఎందుకు? చాలామంది కాగితం మందాన్ని వేళ్లతో తడిమి, నున్నగా ఉంటే సంతోషిస్తారు. మందం కాదు చూడాల్సింది. ఫోటోలో నల్లటి జుట్టు వెతకండి. పాయలు పాయలుగా కనిపిస్తోందా, మసి ముద్దలా ఉందా? తర్వాత తెల్ల పంచెనో తెల్ల గోడనో వెతకండి. నేత, మడతలు, గోడ మీద సున్నం పెచ్చులు కనిపిస్తున్నాయా, లేక ఖాళీ కాగితమే మిగిలిందా? ఆ రెండు చివర్లూ నిలబెట్టగలిగిన ప్రెస్సు మధ్యలో ఉన్నవాటిని కూడా నిలబెడుతుంది. ముఖ్యంగా మన చామనఛాయ మొహాలు అక్కడే ఉంటాయి. మొహాలు ఇటుక రంగులోకో పసుపులోకో తిరిగితే, ఆ పత్రిక రంగు విషయంలో శ్రద్ధ పెట్టడం లేదని అర్థం.

ఇంట్లో భూతద్దం ఉంటే ఇంకొంచెం లోపలికి పోవచ్చు. మామూలు ఆఫ్‌సెట్ అచ్చులో బూడిద రంగుకు వేరే సిరా ఉండదు. నల్ల చుక్కలే చిన్నవైతే లేతగా, పెద్దవైతే ముదురుగా కంటికి తోస్తాయి. దినపత్రికలో అంగుళానికి 85 నుంచి 100 వరసల చుక్కలు ఉంటే, మామూలు రంగుల పత్రికలో 133 నుంచి 150 దాకా ఉంటాయి. ఫోటోగ్రఫీకే అంకితమైన మంచి పత్రికలు అంతకంటే సన్న చుక్కలకు పోతాయి. నలుపు తెలుపు ఫోటోలకు నల్ల సిరాతోపాటు బూడిద సిరా కూడా వేసి రెండు పొరలుగా అచ్చేసేవి ఉన్నాయి, డ్యూయోటోన్ అంటారు. అలా వేసిన పేజీని, ఒక్క నల్ల సిరాతో వేసిన పేజీని పక్కపక్కన పెట్టి చూడండి. నీడల్లో ఉన్న లోతు తేడా చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

అచ్చు ఎంత దూరం పోగలదో తెలియాలంటే న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903 నుంచి 1917 దాకా నడిపిన కెమెరా వర్క్ సంగతి వినాలి. అందులో ఫోటోలను ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో విడిగా అచ్చేసి, చాలావాటిని పల్చటి జపాన్ కాగితం మీద తీసి, ఒక్కొక్కటి చేత్తో పేజీకి అతికించేవారు. 1904లో బ్రస్సెల్స్ ప్రదర్శనకు అసలు ప్రింట్లు వేళకు చేరకపోతే, పత్రికలోని గ్రావ్యూర్లనే గోడకు తగిలించారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అవే అసలు ఫోటోలనుకున్నారు. ఇంత చేసినా పత్రిక చివరికొచ్చేసరికి చందాదారులు 40 మంది కూడా లేరు. ఆ ఆఖరి సంచికలోనే పాల్ స్ట్రాండ్ న్యూయార్క్ వీధుల్లో మనుషులకు తెలియకుండా దగ్గరనుంచి తీసిన మొహాలు వచ్చాయి. ఇవాళ స్ట్రీట్ ఫోటోగ్రఫీ అని మనం పిలుస్తున్నదానికి అవి తొలి అడుగుల్లో ఒకటి. ఎంతమంది కొంటున్నారన్నది పత్రిక విలువకు కొలత కాదని చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. దీర్ఘాయువూ కొలత కాదు. జపాన్‌లో 1968, 69ల్లో ప్రోవోక్ అనే పత్రిక మూడంటే మూడు సంచికలు వచ్చి ఆగిపోయింది. ముతక గింజలు తేలిన, అదిరిన, మసకబారిన ఫోటోలతో ఆ దేశపు ఫోటోగ్రఫీ దారినే అది మార్చింది.

మూడో పరీక్ష నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: ఒక ఫోటోగ్రాఫర్‌కు ఎన్ని పేజీలు ఇచ్చారు? మన దగ్గర ఫోటోగ్రఫీ అభిమానుల్లో చాలామంది సలాన్ పోటీల మీదుగా వచ్చినవాళ్లు. పేరు వెనక ఎఎఫ్ఐఎపి వంటి బిరుదులున్నవాళ్లు ఆంధ్రలో, తెలంగాణలో తక్కువేం కాదు. వాళ్ల ఇళ్లలో సలాన్ కేటలాగులు బీరువా నిండా ఉంటాయి. పెళ్లి భోజనంలో అన్నీ ఒక్కో గరిటె వడ్డించినట్టు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఫోటో. ఒక్కొక్కటీ బాగానే ఉంటుంది. కానీ ఒక మనిషి లోకాన్ని ఎలా చూస్తాడో ఒక్క ఫోటోతో తెలియదు. పోటీ ఫలితాలతోనే నిండే పత్రికకూ ఆ కేటలాగుకూ పెద్ద తేడా లేదు.

2022లో పోయిన వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్ని దశాబ్దాల తరబడి తీశారు. ఆయన తీసిన బతుకమ్మ ఫోటో ఒకటి కేలండర్ మీద చూస్తే పండగ బాగుందనిపిస్తుంది. అలాంటివే ఇరవై ఫోటోలు వరసగా చూస్తే, ఆయనకు పండగతో పాటు ఆ ఇళ్లూ ఆ మనుషులూ ఎంత ముఖ్యమో మెల్లగా బోధపడుతుంది. ఆ ఇరవైకి చోటిచ్చే పత్రిక మీకు కావాలి. ఏది ముందు, ఏది వెనక, ఎడమ పేజీలో ఏది, దాని ఎదురుగా ఏది, ఎక్కడ పేజీ ఖాళీగా వదలాలి, ఇదంతా సంపాదకుడి పని. ఫోన్ ఈ పనిని చేయదు. అచ్చు పత్రికకు మనం డబ్బు కడుతున్నది ముఖ్యంగా ఈ పనికే అంటాను.

ఈ పని బాగా చేసేవాటిలో మొదట చెప్పాల్సింది అపర్చర్. 1952లో ఆన్సెల్ ఆడమ్స్, డొరోథియా లాంగ్, బార్బరా మోర్గాన్, న్యూహాల్ దంపతులు, మైనర్ వైట్ వంటివాళ్లు కలిసి మొదలుపెట్టారు. మైనర్ వైటే తొలి సంపాదకుడు. ఇప్పుడు మూడు నెలలకోసారి ఒక్కో అంశం చుట్టూ సంచిక వస్తుంది. 2021లో ఢిల్లీ మీద ఒక సంచిక వేశారు, మొదలుపెట్టేవాళ్లకు అది మంచి దారి. అపర్చర్‌లో వ్యాసాలు కొన్ని బరువుగా ఉంటాయి, కొన్ని మరీ మేధావుల భాషలో నడుస్తాయి. నాకూ అన్నీ కొరుకుడు పడవు. ఫోటోలు చూసి వ్యాసం వదిలేస్తే ఎవరూ అడగరు. నలుపు తెలుపు మీద మోజుంటే అమెరికా నుంచే వచ్చే లెన్స్‌వర్క్ చూడండి. చిన్న సైజు, కెమెరాల గొడవ లేదు, ఒక్కొక్కరి ఫోటోలు వరసగా పేజీలకు పేజీలు, అచ్చు అద్దంలా ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం వాళ్ల ఫోమ్ కొత్త తరానిది. అందులో సగం మీకు నచ్చకపోవచ్చు. ఎందుకు నచ్చలేదో చెప్పుకోవాల్సి రావడమే దానివల్ల లాభం. 1854లో లివర్‌పూల్‌లో మొదలైన బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీ కూడా ఈ వరసలోదే. ఢిల్లీ నుంచి 2011లో మొదలైన పిక్స్ మన ఉపఖండపు ఫోటోగ్రాఫర్లకే పేజీలిచ్చింది. సంచికలు ఎక్కడ కనబడినా వదలకండి.

ఒక రకం పత్రికకు మాత్రం దూరంగా ఉండండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది: మీ ఫోటో మా అంతర్జాతీయ పత్రికకు ఎంపికైంది, ఇంత కడితే లోపలి పేజీ, అంత కడితే అట్ట. దాన్ని ఎవరూ కొనరు, అందులో అచ్చయినవాళ్లే కొంటారు. ప్రీవెడ్డింగ్ ఫోటోలు తీసే కుర్రాళ్లు కొత్త క్లయింట్లకు చూపించుకోవడానికి ఆ అట్ట కొనుక్కుంటే అది వ్యాపార ఖర్చు, నాకేమీ అభ్యంతరం లేదు. నేర్చుకోవడానికి కొంటే మాత్రం నష్టమే.

ఇక డబ్బు సంగతి. విదేశీ త్రైమాసికం ఒక్క సంచిక తపాలా ఖర్చుతో కలిపి రెండు వేలు దాటుతుంది. ఒక్కడే కట్టుకోవాల్సిన పని లేదు. నలుగురు కలిసి ఒక చందా కట్టి, ఒక్కొక్కరి దగ్గర మూడు వారాలు ఉంచుకుంటే, తర్వాతి సంచిక వచ్చేలోపు నలుగురూ చూసేస్తారు. నలుగురి అభిప్రాయాలూ వినొచ్చు కూడా. అమెరికాలో పిల్లలో బంధువులో ఉంటే, వచ్చేటప్పుడు చాక్లెట్ల బదులు రెండు పాత అపర్చర్‌లు తెమ్మనండి. అక్కడి పాత పుస్తకాల షాపుల్లో చవగ్గానే దొరుకుతాయి. సూట్‌కేసు బరువు గురించి సణుగుతారు, పట్టించుకోకండి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ డిగ్రీ కోర్సు ఉంది. అక్కడ చదివే విద్యార్థి ఎవరితోనైనా పరిచయం చేసుకోండి, మంచి పత్రికలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లకు తెలుస్తుంది. 2015 నుంచి నగరంలో జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌కు వెళ్తే ప్రింట్లు గోడ మీద చూడొచ్చు. పత్రికలో అచ్చయిన ఫోటోకూ గోడ మీది ప్రింటుకూ తేడా అక్కడ పట్టుబడుతుంది.

సంచిక చేతికొచ్చాక ఎలా చూడాలి? మొదటిసారి ఒక్క అక్షరం చదవకండి. ఫోటో కింది వివరం కూడా వద్దు. చివరిదాకా ఫోటోలే. రెండోసారి వివరాలు చదువుతూ చూడండి. ఏ ఫోటో విషయంలో మీ అభిప్రాయం మారిందో అక్కడ ఆగండి. మూడోసారి ఒక ఫోటోగ్రాఫర్ వరసను పట్టుకుని, మధ్యలో ఒక ఫోటోను కాగితంతో మూసేసి చూడండి. వరస తెగినట్టు అనిపిస్తే ఆ ఫోటో ఎందుకక్కడ ఉందో అర్థమవుతుంది. ఏమీ తేడా లేకపోతే సంపాదకుడు దాన్ని తీసేసి ఉండాల్సింది. ఆ తర్వాత మీ సొంత ఫోటోల్లో, మొన్నటి పెళ్లివో, పుష్కరాలవో, మీ వీధివో, పన్నెండు ఎంచి చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. వరస మార్చి మార్చి చూడండి. ఏ ఒక్కటి తీసేస్తే వరస తెగుతుందో మీకే తెలుస్తుంది. పెళ్లిళ్లకు కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు ఈ కసరత్తు చేస్తే, ఒక్కో పేజీలో పధ్నాలుగు ఫోటోలు కుక్కడం మానేస్తారని నా ఆశ.

ఏడాది తిరిగాక చందా కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. వచ్చిన సంచికల్ని ముందేసుకుని చూడండి. ఏది తెరిచినా సమీక్షల దగ్గరే పేజీలు నలిగి ఉంటే ఆపేయండి. ఫోటోల దగ్గర నలిగి ఉంటే కట్టండి. అసలు ప్లాస్టిక్ కవరే విప్పని సంచిక ఉంటే, పత్రికది తప్పు కాకపోవచ్చు. ఆ డబ్బుతో రెండు ఫోటో పుస్తకాలు కొనుక్కోండి.

దాచుకోవడం గురించి ఒక్క మాట, ఎందుకంటే మన వానాకాలం విదేశీ పత్రికల వాళ్ల లెక్కలో ఉండదు. ఫోటోగ్రఫీ పత్రికల నున్నటి ఆర్ట్ పేపర్ మీద తెల్లటి మట్టి పూత ఉంటుంది. ఒకసారి తడిసి ఆరిందంటే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీయబోతే ఫోటో ఊడి ఎదుటి పేజీ మీదికి పోతుంది. గోడకు ఆనించిన అల్మరాలో పెట్టకండి, కింది అరలో అసలే వద్దు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టి, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వెనక పడెయ్యండి. నెలకోసారి బయటికి తీసి విదిలిస్తే వెండి పురుగు చేరదు. తడిసిన సంచిక చేతికొస్తే ఆరేదాకా ఆగకుండా, తడిగా ఉన్నప్పుడే పేజీకీ పేజీకీ మధ్య ట్రేసింగ్ పేపరో బటర్ పేపరో పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. దినపత్రిక మాత్రం పెట్టకండి, దాని సిరా అంటుకుంటుంది.